మనస్సును గూర్చి చెవికి చెప్పవలసిన మాట



హైదరాబాదునకు పడమటి దిక్కున, శంకరపల్లికి పోవు దారిలో, కొండకల్ అను గ్రామమున్నది. అచ్చటినుండి దక్షిణముగా పోయినచో మొయినాబాదు, చేవెళ్ల మండలములు వచ్చును. టొమాటోలు, ఆకుకూరలు, పూలు పండించి తెల్లవారకమునుపే నగరపు అంగళ్లకు చేర్చు పల్లెలివి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వోత్తర్వు ఈ ప్రాంతపు 84 గ్రామములలో కట్టడములకు హద్దు విధింపగా, ఆ ఉత్తర్వు ఉండునా పోవునా అను విచారము పాతికేండ్లకు పైగా ఇక్కడి రైతుల ఇండ్లలో నిత్యచర్చగా నిలిచినది. 2023లో కొండకల్ చెంత రైలుపెట్టెల కర్మాగారము ప్రారంభమైనది. చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలును, వసతిగృహములును వెలసినవి. భూమి అమ్మినవానికి అమ్ముకొంటినే అను వగపు, అమ్మనివానికి అమ్మకపోతినే అను వగపు. పరీక్ష వ్రాసిన బిడ్డకు ఫలితపు భయము, ఉత్తీర్ణుడైన బిడ్డకు ఉద్యోగపు భయము. ఒక్క తరములోనే ఇంత మార్పును మోయవలసి వచ్చిన ఈ మనస్సులకు మనశ్శాస్త్రము ఏ దారిని చేరగలదన్న విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

నా అభిప్రాయమును మొదటనే మనవి చేసెదను. మనోవిజ్ఞానము మన పల్లెలకు ప్రసంగరూపమున, చెవి ద్వారా చేరవలెను. పుస్తకము చదువును కోరును; వైద్యశాల ప్రయాణమును, వ్యయమును, అన్నిటికంటె మిక్కిలిగా సిగ్గు విడుచుటను కోరును; పూలు కోయుచునో, పాలు పిదుకుచునో వినగలిగిన మాట వీనిలో దేనిని కోరదు. అయినను, విన్న మాట విన్నచోటనే ఆగిపోక మనిషి బ్రతుకులో పనిచేయవలెనన్నచో, ఆ మాటను పంచుకొనుటకు తోడుగా ఇంకొక మనిషి ఉండి తీరవలెను. ప్రసంగము తలుపు తీయును. లోపలికి నడిపించుకొని పోవునది సాటి మనిషియే.

చెవి ద్వారా మనస్సును సంస్కరించుట తెలుగువారికి క్రొత్త విద్య గాదు. వేమన పద్యములు అచ్చుకెక్కుటకు పూర్వమే నోటినుండి చెవికి, చెవినుండి నోటికి ప్రయాణము చేసి, అక్షరము రాని ఇంటను మనోనిగ్రహమును గూర్చిన ఆలోచనను నిలిపినవి. త్యాగరాజస్వామి తన కృతులలో పలుమారులు మనస్సునే ఎదుట కూర్చుండబెట్టుకొని, దానిని బుజ్జగించి, మందలించి, ప్రశ్నించినాడు. తన మనస్సును తనకంటె వేరుగా నిలిపి దానితో మాటాడుట నేటి మానసిక చికిత్సలలోను ఒక సాధనముగా వాడబడుచున్నదని తెలిసినవారికి ఆ కృతుల యందలి సంబోధన ఎంత లోతైనదో అవగతమగును. తెలంగాణపు పల్లెలలో ఒగ్గుకథ వినుటకు కూర్చున్నవారు కథలోని తల్లి ఏడ్చునప్పుడు తామును ఏడ్చి, తమ ఇంటి దుఃఖమును అందరి నడుమను సిగ్గుపడకుండ దించుకొనిరి. ఈ పరంపర మన వెనుక ఉండుటచేతనే, మనశ్శాస్త్రము ప్రసంగరూపమున వచ్చినచో మన జనులకు పరాయిదిగా తోచదని నా విశ్వాసము.

ఆధునిక మనశ్శాస్త్రమునకును రేడియోకును గల బంధుత్వము తెలుసుకొనదగినది. 1935వ సంవత్సరములో మైసూరు విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రాచార్యులైన ఎం. వి. గోపాలస్వామిగారు తమ నివాసగృహముననే ఒక చిన్న రేడియో కేంద్రమును నెలకొల్పిరి. లండనులో స్పియర్‌మన్ వంటి మనశ్శాస్త్ర మహాచార్యుని కడ శిష్యరికము చేసి, స్వదేశమునకు వచ్చి మనశ్శాస్త్ర ప్రయోగశాలను నడిపిన ఆ పండితుడు, జనులకు విజ్ఞానమును, సంగీతమును గాలిద్వారా అందించు పనిని తన సొంత ఇంటినుండి ఆరంభించినాడు. ఆ కేంద్రమునకు పెట్టబడిన పేరు ఆకాశవాణి. తరువాత 1950ల దశకములో భారతదేశపు రేడియో సంస్థ అంతయు ఆ పేరునే స్వీకరించినది. ఈ దేశములో రేడియోను పిలుచుకొను పేరు ఒక మనశ్శాస్త్రాచార్యుని ఇంటినుండి వచ్చినదన్న మాట.

ఆ 1935లోనే అమెరికాలో హాడ్లీ కాంట్రిల్, గోర్డన్ ఆల్‌పోర్ట్ అను ఇరువురు మనశ్శాస్త్రజ్ఞులు రేడియో వినువారి మనస్సును పరిశోధించి గ్రంథమును ప్రకటించిరి. మనిషిని చూడకుండ కేవలము కంఠమును మాత్రమే విని, అతని వయస్సును, స్వభావమును ఎంతవరకు పోల్చుకొనవచ్చునని వారు ప్రయోగములు చేసిరి. శ్రోతలు పలుమారులు పొరబడినను, గుడ్డిగా ఊహించినదానికంటె మెరుగుగానే పోల్చుకొనుచున్నారని తేలినది. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో మన హైదరాబాదునందలి రేడియో కేంద్రము ఒక వ్యక్తి చేతినుండి నిజాము ప్రభుత్వపు ఆధీనములోనికి వచ్చినది. అందు ప్రధానభాష ఉర్దూ. మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఆరంభమై తెలుగు ప్రసంగమునకు పీఠము వేసినవి. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రమును ఆలిండియా రేడియోలో కలిసినది. అప్పటినుండి వ్యవసాయము, ఆరోగ్యము, సాహిత్యము అను శాఖలలో తెలుగు రేడియో చేసిన సేవ కొలువరానిది. మనస్సును గూర్చిన ప్రసంగమునకు మాత్రము ఆ పంక్తిలో నిలుకడయైన పీట నేటికిని పడవలసియున్నది.

రేడియో ద్వారా మనస్సును గూర్చి మాటాడుట ఎట్లో నేర్చుకొనుటకు మన ఎదుట ఒక గొప్ప ఆదర్శము కలదు. ఇంగ్లండులో శిశువైద్యుడును, మనోవిశ్లేషకుడును అయిన డొనాల్డ్ వినికాట్, రెండవ ప్రపంచయుద్ధకాలమునుండి అనేక సంవత్సరములు బి.బి.సి.లో తల్లులకై ప్రసంగములు చేసెను. బాంబుల భయము, భర్తల వియోగము, బిడ్డలను దూరపు ఊళ్లకు పంపవలసిన నిర్బంధము అనుభవించుచున్న ఆ తల్లులకు ఆయన పెంపకపు సూత్రములను జాబితా వేసి చెప్పలేదు. బిడ్డను ఎత్తుకొనుటలో, పాలిచ్చుటలో, ఏడుపు విని దాని రకమును పోల్చుకొనుటలో వారు తమకు తెలియకుండగనే ఎంత నేర్పుతో పనిచేయుచున్నారో వారికే వివరించి చెప్పెను. శాస్త్రజ్ఞుడు వినువాని బుద్ధిని గౌరవించి మాటాడినప్పుడు వినువానికి తన మీద తనకు నమ్మకము కలుగును. ఆ నమ్మకమే మానసికారోగ్యమునకు పునాది. ఇంకొక ముచ్చట: మనిషి మాటను వినుటయే చికిత్సగా చేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ కంఠస్వరము నేడు మనకు మిగిలియున్నదన్నచో, అది బి.బి.సి.వారు 1938 డిసెంబరు 7వ తేదీన లండనులో ఆయన ఇంట పట్టుకొన్న కొద్ది నిముషముల ధ్వనిముద్రణమే. 82 ఏండ్ల వయస్సున, దవడ క్యాన్సరుతో బాధపడుచు, పలుకు పలుకునకు కష్టపడుచు ఆయన తన జీవితకృషిని గూర్చి చెప్పిన ఆ కొన్ని వాక్యములు, పుస్తకములలో దొరకని ఒక మనిషిని మనకు చూపును.

ఇక చెవికి గల శక్తిని, దాని హద్దును గూర్చి రెండు మాటలు. చదువరి అర్థము గాని పుటను వెనుకకు త్రిప్పుకొనగలడు. శ్రోతకు ఆ సౌకర్యము లేదు. మనిషి ఒక్కసారి విని మనస్సులో నిలుపుకొనగల అంశములు ఏడు, లేదా అటు ఇటు రెండు అని జార్జి మిల్లర్ 1956లో ప్రతిపాదింపగా, తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను నాలుగువరకు తగ్గించిరి. ఈ సత్యమును కన్నులారా చూడగోరువారు మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ ఆలయమునకు పోవచ్చును. మ్రొక్కుకొన్నవారు మొదట 11 ప్రదక్షిణములును, కోరిక తీరిన పిదప 108 ప్రదక్షిణములును చేయుదురు. చేతిలో అంకెలు అచ్చువేసిన చిన్న కాగితముండును. ఒక్కొక్క చుట్టు ముగియగనే అందులోని ఒక అంకెను పెన్నుతో కొట్టివేయుదురు. కాళ్లు నడుచుచున్నవి, పెదవులు నామమును పలుకుచున్నవి, మనస్సు కోరికను తలచుచున్నది. ఈ మూడింటి నడుమ లెక్క జారిపోవునని భక్తులకు అనుభవముచేత తెలియును. కావున లెక్కను కాగితమునకు అప్పగించి మనస్సును దైవమునకు వదలిరి. వీసా కొరకు వచ్చిన ఉన్నతవిద్యావంతుడును, సంతానము కొరకు వచ్చిన నిరక్షరాస్యురాలును ఈ విషయమున సమానులే. రేడియోలో మాటాడువాడును ఆ కాగితము వంటి సహాయమును శ్రోతకు చేయవలెను. ఒక్క ప్రసంగమున ఒక్క విషయమునే చేపట్టవలెను. చెప్పినదానిని నడుమ నడుమ గుర్తుచేయవలెను. తరువాతి మాటకు పోవునప్పుడు పోవుచున్నానని తెలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యము, మాట శ్రోత నోట నానిన మాటయై ఉండవలెను. చేవెళ్ల ప్రాంతపు పల్లెలో మనోవ్యాధిగ్రస్తుడు తనకు వ్యాకులత కలదని చెప్పడు. "పాణం మంచిగ లేదు, రంది పట్టుకున్నది, గుండెల బుగులైతున్నది, రాత్రి నిద్ర పడ్తలేదు, కాళ్లు చేతులు గుంజుతున్నయి" అని చెప్పును. మనస్సు బాధ శరీరపు బాధగా పలుకుటచేత అతడు మొదట ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు కడకు పోయి గ్లూకోజు ఎక్కించుకొనును. రెండు దినములు తేరుకొన్నట్లుండి మరల క్రుంగును. పిదప పట్నమునకు పోయి రక్తపరీక్షలు, స్కానింగులు చేయించుకొని, ఏ దోషమును లేదని చీటీ తెచ్చుకొనును. దోషము లేదని తేలినను బాధ మాత్రము ఉన్నది. అది దొంగ బాధయేమోనని ఇంటివారు శంకింతురు. తనకే శంక పుట్టును. ఈ దశలో అతని చెవిన తన మాటలతోనే, "రంది రెండు వారాలకు మించి ప్రతి దినము వేధించుచు, పనిమీద, తిండిమీద, బిడ్డలమీద ఆసక్తి పోయి, నిద్ర చెడి, నేను ఎందుకును పనికిరానను తలంపు వదలకున్నచో అది వైద్యమునకు లొంగు ఒక జబ్బు; సోమరితనము గాదు, పాపఫలము గాదు" అను వివరణ పడినచో, అతడు చీకటిలో తడుముకొనుట మానును. నేను ఈ పనికి ప్రసంగమును కోరుట ఇందుకే.

ఈ వివరణ లేకపోవుటచే కలుగు నష్టము ఎంతటిదో దేశవ్యాప్తమైన లెక్కలు చెప్పుచున్నవి. బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేక్షణములో, వయోజనులలో నూటికి పదుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. రుగ్మతను బట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స అందనివారే. ఆ 12 రాష్ట్రములలో తెలంగాణము గాని, ఆంధ్రప్రదేశము గాని లేవు. అయినను మన పల్లెల స్థితి ఇందుకు మెరుగని భావించుటకు ఆధారము కనబడదు. వైద్యులు కొరవడుట ఒక కారణము. పేరుపడుదుమన్న భయము అంతకు మించిన కారణము. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము తరతరములుగా ఎన్నివేల కుటుంబములకో ఆసరాయై నిలువగా, మనము ఆ ఊరి పేరునే పరిహాసమునకు వాడి, అక్కడికి పోవలసినవాని కాలికి సంకెల వేసితిమి. ఈ సంకెలను తెంచగలది చట్టముకంటె ముందుగా మాటయే. నలుగురు వినుచుండగా, మర్యాదగల కంఠముతో, జ్వరమును గూర్చి మాటాడినంత సహజముగా దిగులును గూర్చి మాటాడుట అలవడవలెను.

అయితే ఒంటరిగా విన్న ప్రసంగము ఎంతవరకు పనిచేయును? ఇందులకు శాస్త్రము నిర్మొహమాటమైన సమాధానము చెప్పినది. యుద్ధకాలమున మాంసము కొరవడినప్పుడు అమెరికాలో కర్ట్ లెవిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, అక్కడి గృహిణులు సాధారణముగా వండని గుండె, మూత్రపిండముల మాంసమును వారి వంటయింటికి చేర్చుటెట్లని పరిశోధించెను. కొందరికి చక్కని ఉపన్యాసమిప్పించెను. మరికొందరిని గుంపుగా కూర్చుండబెట్టి తమలో తాము చర్చించుకొని నిర్ణయించుకొమ్మనెను. పిదప విచారింపగా ఉపన్యాసము విన్నవారిలో నూటికి ముగ్గురును, చర్చించుకొన్నవారిలో నూటికి 32 మందియు ఆ మాంసమును వండినట్లు తేలినది. మన దేశముననే 1956లో పూనా ప్రాంతపు పల్లెలలో యునెస్కో సాయముతో ఆకాశవాణివారు నడపిన రేడియో రైతు గోష్ఠులు ఇదే సత్యమును చాటినవి. వారమునకు రెండుమారులు, అరగంట చొప్పున 20 కార్యక్రమములు ప్రసారమైనవి. పదునైదిరువది మంది గ్రామస్థులు ఒకచోట కూడి విని, అటుపిమ్మట చర్చించుకొనిరి. గోష్ఠులున్న పల్లెలలో జనుల పరిజ్ఞానము ఎంతయో పెరుగగా, రేడియో ఉండియు గోష్ఠి లేని పల్లెలలో ఆ పెరుగుదల మిక్కిలి స్వల్పమై యుండెను. దుక్కికి, ఎరువునకు పనికివచ్చిన ఈ సూత్రము మనస్సునకు ఇంకను ఎక్కువగా వర్తించును. దిగులుపడినవాడు ఒంటరిగా వినునప్పుడు విన్నదానిలోనుండి తన దిగులుకు తగిన ముక్కనే ఏరుకొనును గదా.

నేడు కొండకల్ గ్రామములోను ప్రతి చేతను ఫోనున్నది. మనస్సును గూర్చిన ప్రసంగములకు అందు కరవు లేదు. ఇంద్రజాలికులుగా ప్రసిద్ధికెక్కి, మనశ్శాస్త్రమును తెలుగువారి ఇండ్లకు సులభమైన మాటలలో చేర్చిన బి. వి. పట్టాభిరామ్‌గారి వంటివారు నడిచిన మార్గమున మంచి వక్తలు కొందరున్నారు. శాస్త్రము పేరు చెప్పి ఆశను అమ్ముకొనువారును ఉన్నారు. ఎవరి మాట వినవలెనన్న ప్రశ్నకు నేను మూడు గుర్తులు చెప్పెదను. ఒకే మంత్రము అందరి బాధలను తొలగించునని చెప్పువానిని నమ్మకుడు. డాక్టరు వ్రాసిన మాత్రలను మానివేయుమని చెప్పువాని మాటను ఆ క్షణమే ఆపివేయుడు. ఎంత విన్నను, ఇక ఎవరి కడకు పోవలెనో చెప్పకుండ, మరల తన మాటనే వినుమని త్రిప్పుకొనువాడు మీ మేలు కోరువాడు గాడు. మంచి ప్రసంగము తనను తాను తగ్గించుకొని, శ్రోతను మనిషి వద్దకు పంపును.

మన చేరువలోనే ఒక మార్గదర్శకమున్నది. జహీరాబాదు ప్రాంతములోని మాచనూరు గ్రామమున 2008లో సంగం రేడియో ఆరంభమైనది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు, సేద్యము చేసుకొను స్త్రీలు, తామే మైకు పట్టి, తామే ధ్వనిముద్రణము చేసి, తమ యాసలో తమ పంటలను, పాటలను, ఆరోగ్యమును గూర్చి ప్రసారము చేయుచున్నారు. వక్త నగరమునుండియే రావలెనను నియమమును ఆ స్త్రీలు త్రోసివేసిరి. ఈ మేలుబంతిని మనోవిజ్ఞానమునకును వర్తింపజేయుట అసాధ్యమైన పని గాదు. కొండకల్ మొదలు చేవెళ్ల వరకు ప్రతి ఊర మహిళాసంఘమున్నది. నెలకు రెండుమూడు మారులైనను వారు పొదుపు లెక్కలకై కూడుచునే యుందురు. ఆ కూడికలో పది నిముషములు ఒక ప్రసంగమును వినిపించి, అరగంట మాటాడుకొనవచ్చును. ప్రసూతి తరువాత తల్లికి కలుగు దిగులు, త్రాగుడు మానలేని భర్త, పరీక్ష తప్పిన బిడ్డ, వృద్ధాప్యమున మరపు, నిద్రలేమి, అప్పుల రంది ఇట్లు నెలకొక విషయమును తీసికొన్నచో ఏడాదికి పండ్రెండు విషయములు ఊరి మాటలో కలియును. ఆశా కార్యకర్తయో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు నర్సో ప్రక్కన కూర్చున్నచో, చర్చలో కంటనీరు పెట్టుకొన్నవారి చేతిని పట్టుకొని వైద్యుని కడకు తీసికొనిపోవు మనిషియు అక్కడనే దొరకును. విశ్వవిద్యాలయములలోని మనశ్శాస్త్ర విభాగములవారు ఆ పండ్రెండు ప్రసంగములను వ్రాసి, పల్లెవారికే వినిపించి, వారు అర్థము గాదన్నచోట తిరుగ వ్రాసి ఇచ్చినచో అది వారు ప్రకటించు పరిశోధన పత్రములకంటె తక్కువ విద్వత్కార్యము గాదు.

శ్రోతలారా, ఈ ప్రసంగమును మీలో కొందరు ఒంటరిగా వినుచుందురు. కొందరు లోపల బరువు మోయుచు వినుచుందురు. మీకు ఒక్క విన్నపము. విన్నదానిని నేటి సాయంకాలమే ఇంట ఒకరితో, లేదా నమ్మకమైన స్నేహితునితో మాటాడుడు. మీ ఇంట ఎవరైన మాట తగ్గించి, తిండి తగ్గించి, మూల కూర్చున్నచో "ఏమైంది" అని అడిగి, బుద్ధులు చెప్పక, పూర్తిగా వినుడు. ప్రాణము మీదికి తెచ్చుకొను తలంపు ఎవరికైన కలిగినచో వారిని ఒంటరిగా వదలకుడు. ఆ సంగతిని సూటిగా అడుగుటకు వెనుదీయకుడు. అడిగినంత మాత్రమున ఆ తలంపు పెరుగదు, బరువు దిగును. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ మానస్ అను మానసికారోగ్య ఫోను సేవ రాత్రింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగులో అందుబాటులో ఉన్నది. దాని నంబరు 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఈ నంబరును మీ ఇంటి గోడమీదను, మీ బడి గోడమీదను, మీ పంచాయతీ కార్యాలయపు గోడమీదను వ్రాయించుడు.